విడుపు ఎవరిది? ఏకాంత ప్రహేళికా క్రీడలలో ఆనందహేతువు

ఉపోద్ఘాతం

పొడుపు కథకు ఇద్దరు కావాలి. పొడిచేవారు ఒకరు, విప్పేవారు మరొకరు. విప్పలేనివారు ఓటమి ఒప్పుకుంటే పొడిచినవారే విడుపు చెబుతారు. సమస్యాపూరణానికి పృచ్ఛకుడు కావాలి, అవధాని కావాలి, పూరణ విని తలలూపే సభ కావాలి. తెలుగు సాహిత్య సంప్రదాయంలో ప్రహేళికా వినోదం ప్రధానంగా గోష్ఠీ వినోదం. దండి ‘కావ్యాదర్శం’ తృతీయ పరిచ్ఛేదంలో ప్రహేళికకు చెప్పిన ప్రయోజనాలు మూడు: క్రీడాగోష్ఠులలో వినోదం, జనం మధ్య రహస్య సంభాషణ, ఇతరులను వ్యామోహపరచడం. ఈ మూడింటికీ మరొక మనిషి ఎదుట ఉండి తీరాలి. వాత్స్యాయనుడు చతుష్షష్టి కళల జాబితాలో ప్రహేళికను చేర్చినప్పుడు కూడా నాగరకుల గోష్ఠులే దానికి నేపథ్యం.

గత మూడు దశాబ్దాలలో కంప్యూటర్ తెర మీద ఇందుకు భిన్నమైన ప్రహేళికా రూపం ఒకటి స్థిరపడింది. ఇందులో ఆడేవారు ఒక్కరే. ప్రత్యర్థి లేడు, సభ లేదు, చాలా వాటిలో మార్కుల లెక్క లేదు, గడువూ లేదు. నిర్మానుష్యమైన ఒక ద్వీపం, శిథిలమైన ఒక కట్టడం, గాలి చప్పుడు, మూసి ఉన్న ఒక తలుపు మాత్రం ఉంటాయి. ఆ తలుపు ఎలా తెరుచుకుంటుందో ఎవరూ చెప్పరు. ఇటువంటి వాతావరణ ప్రధానమైన ఏకాంత ప్రహేళికా క్రీడలను లక్షలాది మంది ఇష్టపడి ఆడుతున్నారు.

ఎవరూ మెచ్చుకోని చోట, ఏ లాభమూ లేని చోట, బుద్ధికి ఇంత శ్రమ కల్పించుకుని మనిషి ఎందుకు ఆనందిస్తాడు? ఈ ప్రశ్న వెనుక ఒక నైతిక ప్రశ్న కూడా ఉంది. ఈ ఆటల సమాధానాలన్నీ సులభంగా దొరుకుతాయి. ఒంటరిగా ఆడేవారు వాటిని చూసి తలుపు తెరిస్తే ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ తెలియదు కూడా. అయినా ఆడేవారిలో చాలామందికి అది మోసంగా తోస్తుంది. మోసపోయింది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకటేనని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

క్రీడల స్వరూపం

ఈ కోవలో మార్గదర్శకమైనది ‘మిస్ట్’. రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అమెరికన్ సోదరులు స్థాపించిన సయాన్ సంస్థ దీన్ని 1993లో విడుదల చేసింది. ఆడేవారు ఒక పుస్తకం ద్వారా నిర్జన ద్వీపానికి చేరుకుంటారు. తామెవరో, ఎందుకు వచ్చారో, ఏం చేయాలో అక్కడ ఎవరూ వివరించరు. గ్రంథాలయంలో కాలిపోగా మిగిలిన కొన్ని పుస్తకాలు, ఇతర లోకాలకు దారితీసే యంత్రాలు, రెండు పుస్తకాలలో బందీలై ఒకరిపై ఒకరు నేరం మోపుకునే అన్నదమ్ములు కనిపిస్తారు. ఎవరి మాట నమ్మాలో ఆడేవారే తేల్చుకోవాలి. పెట్టెలో ఆటతో పాటు ఒక ఖాళీ నోటు పుస్తకాన్ని ఇచ్చేవారు. చూసిందీ విన్నదీ రాసుకోవడం ఆడేవారి పని. ఈ ఆట 60 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది.

జోనథన్ బ్లో రూపొందించిన ‘ది విట్నెస్’ 2016లో వచ్చింది. ఇందులోనూ ఒక నిర్జన ద్వీపమే రంగస్థలం. ద్వీపమంతటా గీతలు గీసి పరిష్కరించవలసిన పలకలు ఉంటాయి. ప్రహేళికల సంఖ్య ఆరు వందలకు పైనే. నియమాలను వాక్యరూపంలో ఎక్కడా చెప్పరు. సులభమైన పలకలను వరుసగా పరిష్కరిస్తూ ఉంటే నియమం తనంతట తాను బోధపడుతుంది. నేపథ్య సంగీతం లేదు. అడుగుల చప్పుడు, నీటి చప్పుడు, గాలి మాత్రమే వినిపిస్తాయి.

అలెక్స్ బీచమ్ రూపకల్పనకు నేతృత్వం వహించిన ‘ఔటర్ వైల్డ్స్’ (2019) ఒక చిన్న సౌరమండలంలో నడుస్తుంది. 22 నిమిషాలకు ఒకసారి సూర్యుడు పేలిపోతాడు, ఆడేవారు తిరిగి మొదటి చోటనే మేల్కొంటారు. ఆయుధం లేదు, పెరిగే బలం లేదు. ఒక ఆవృత్తి నుంచి మరొక ఆవృత్తికి వెంట వచ్చేది తెలుసుకున్న విషయం ఒక్కటే. లూకస్ పోప్ రచించిన ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’ (2018)లో ఆడేవారు ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన బీమా పరిశీలకులు. ఓడలోని 60 మందికి ఏం జరిగిందో నిర్ధారించాలి. ముగ్గురి విషయంలో నిర్ణయాలు సరైనవైతేనే ఆట వాటిని ధ్రువీకరిస్తుంది. ఊహించి కొట్టిన దెబ్బకు ఫలితం దక్కకుండా చేసిన ఏర్పాటు అది.

మనోవైజ్ఞానిక సమాధానాలు, వాటి పరిమితి

ఆటల ఆకర్షణను వివరించిన సిద్ధాంతాలు కొన్ని ఉన్నాయి. కంప్యూటర్ ఆటల విషయంలో థామస్ మలోన్ 1981లో మూడు హేతువులు చెప్పాడు: సవాలు, కల్పన, కుతూహలం. శక్తికీ కష్టానికీ తూకం కుదిరినప్పుడు మనసు పనిలో లీనమై కాలాన్ని మరచే స్థితిని మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి ‘ప్రవాహం’ అన్నాడు. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్‌ల సిద్ధాంతం ప్రకారం సామర్థ్యం, స్వాతంత్ర్యం, సాంగత్యం అనేవి మనిషికి మూడు మౌలిక మానసిక అవసరాలు. రయాన్, అతని సహపరిశోధకులు 2006లో దీన్ని వీడియో ఆటలకు అన్వయించారు.

ఇవి ఉపయోగకరమైన వివరణలు. అయితే ప్రస్తుత విషయంలో రెండు అంశాలను ఇవి అందుకోవు. మొదటిది, సవాలూ సామర్థ్యమూ మాత్రమే హేతువులైతే దినపత్రికలోని పదకేళి చాలు, ద్వీపమూ గాలీ ఎందుకు? వాతావరణం అలంకారప్రాయమైన పైపూతగా మిగిలిపోతుంది. రెండవది, అవసరం తీరినందువల్ల కలిగే తృప్తిని వివరించడం వేరు, ఆ తృప్తి విలువైనదో కాదో విచారించడం వేరు. సమాధానం చూసి తలుపు తెరిచినవారికి కూడా ఏదో ఒక తృప్తి ఉంటుంది. అది తక్కువదని ఎందుకు అనిపిస్తుందో మనశ్శాస్త్రం కొలవగలదు గాని న్యాయం చెప్పలేదు. అందుకు తత్త్వవిచారం అవసరం.

సమాధానం విలువ ఎంత?

కెనడాలో బోధించిన తాత్త్వికుడు బెర్నార్డ్ సూట్స్ ‘ది గ్రాస్‌హాపర్’ (1978)లో ఆటను నిర్వచిస్తూ, అనవసరమైన అవరోధాలను స్వచ్ఛందంగా అధిగమించే ప్రయత్నమే ఆట అన్నాడు. బంతి గుంటలో పడటమే గోల్ఫ్ ఆటగాడి ధ్యేయమైతే చేత్తో తీసుకువెళ్లి వేయవచ్చు. అతడు ఆ పని చేయడు. కష్టమైన మార్గాన్ని, అది ఆటను సాధ్యం చేస్తుంది కనుకనే అంగీకరిస్తాడు. సి. థి న్గుయెన్ 2020లో వెలువరించిన గ్రంథంలో ఈ వాదాన్ని విస్తరించాడు. కొందరు గెలవడానికి ప్రయాసపడతారు, మరికొందరు ప్రయాస కోసం గెలుపును తాత్కాలికంగా కోరుకుంటారు. రెండవ రకం ఆటలో లక్ష్యం ఒక నిమిత్తమాత్రం.

ఏకాంత ప్రహేళికా క్రీడలు ఈ వాదానికి బలమైన నిదర్శనాలు. ‘మిస్ట్’లో చివరి రహస్యం గ్రంథాలయంలోని పొయ్యిలో ఉంది. మొదట విడుదలైన ఆటలో దాన్ని తెరిచే నమూనా ఏ ప్రతిలోనైనా ఒకటే. అది తెలిసినవారు ఆటను కొద్ది నిమిషాలలో ముగించగలరు. ‘ఔటర్ వైల్డ్స్’ అంతమూ అటువంటిదే. విషయమంతా తెలిసినవారికి మొదటి ఆవృత్తిలోనే ముగింపు అందుబాటులో ఉంటుంది. ఆడేవారిని అడ్డగిస్తున్నది తాళం కాదు, వారి అజ్ఞానం. తాళపుచెవి మొదటి క్షణం నుంచీ వారి చేతికి అందేంత దూరంలోనే ఉంది. అంటే ఈ ఆటలో ‘సమాధానం’ అనే వస్తువుకు విడిగా దాదాపు విలువ లేదు. కొద్ది నిమిషాలలో ముగిసిన ‘మిస్ట్’లో ‘మిస్ట్’ ఉండదు.

ఆడేవారు కోరుకున్నది మరేమిటి? ‘ది విట్నెస్’లోని పండ్లతోట ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడి పలకల మీద గీతలు కొమ్మల్లా చీలి ఉంటాయి. ఏ కొమ్మ చివరకు వెళ్లాలో పలకలో ఎక్కడా సూచన లేదు. విసిగి తల ఎత్తినప్పుడు పలక వెనుక ఉన్న చెట్టు కనిపిస్తుంది. దాని కొమ్మలు పలకలోని గీతల్లాగే చీలి ఉన్నాయి, ఒక కొమ్మకు పండు ఉంది. ఆ క్షణంలో తెలిసినది గీత మాత్రమే కాదు. అంతవరకు నేపథ్యంగా ఉన్న చెట్టు అర్థవంతమైంది. ఆ తరువాత ద్వీపంలోని నీడ, నీటిలోని ప్రతిబింబం, గోడ మీది పగులు ఏదీ వట్టి నేపథ్యంగా మిగలదు. చూసే కన్ను మారింది. సమాధానాన్ని ఒకరు మరొకరికి చెప్పవచ్చు, ఈ మార్పును ఎవరూ మరొకరికి ఇవ్వలేరు. ఆనందహేతువు ఇదే అని ఈ వ్యాసం భావిస్తుంది.

ప్రహేళిక రసవిఘ్నమా?

ఇక్కడ అలంకారశాస్త్రం నుంచి ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. ‘సాహిత్యదర్పణ’ కర్త విశ్వనాథుడు ప్రహేళికకు అలంకార స్థానం నిరాకరించాడు. అది రసానికి విరోధి, ఉక్తివైచిత్ర్యం మాత్రమే అని అతని నిర్ణయం. చిత్రకావ్యాన్ని అవరమని మమ్మటుడు చెప్పడం వెనుక కూడా సమీపమైన దృష్టి ఉంది. అర్థాన్ని కూడదీసుకోవడంలో బుద్ధి చిక్కుకున్నప్పుడు హృదయానికి విశ్రాంతి ఉండదు. ఈ తీర్పు నిజమైతే వాతావరణమూ ప్రహేళికా ఒకే ఆటలో ఇమడకూడదు. ఒకటి అనుభూతిని కోరుతుంది, మరొకటి దాన్ని చెదరగొడుతుంది.

విశ్వనాథుడి ఆక్షేపణ చాలా ఆటలకు నేరుగా వర్తిస్తుంది. గంభీరమైన కథ నడుస్తుండగా సంబంధం లేని అంకెల చిక్కుముడిని అడ్డం పెట్టే ఆటలు ఎన్నో ఉన్నాయి. అక్కడ ప్రహేళిక నిస్సందేహంగా విఘ్నమే. పైన చెప్పిన క్రీడలలో పరిస్థితి వేరు. ‘మిస్ట్’లోని ఒక లోకంలో భూగర్భ మార్గాన దారి తప్పకుండా సాగాలంటే వినిపించే ధ్వనులే దిక్కులు. ఏ ధ్వని ఏ దిక్కుకు చెందినదో వేరొక లోకంలో శ్రద్ధగా విన్నవారికి తెలుస్తుంది. ఇక్కడ వాతావరణాన్ని అనుభవించడమూ ప్రహేళికను విప్పడమూ రెండు పనులు కావు. వినడమే విప్పడం. కథానిక విమర్శలో వాతావరణమంటే పాత్రల చుట్టూ ఉన్న స్థలకాలాలు. ఈ ఆటలలో అది ఆధారసామగ్రి కూడా.

అభినవగుప్తుడి రసవిఘ్న చర్చ ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. విఘ్నాలు తొలగిన ప్రతీతియే రసమని చెబుతూ అతడు ఏడు విఘ్నాలను పేర్కొన్నాడు. వాటిలో ఒకటి నిజసుఖాది వివశీభావం. సొంత సుఖదుఃఖాలకు వశమైన ప్రేక్షకుడు మరొక విషయంలో మనసు నిలపలేడు. దీనికి అతడు చెప్పిన పరిహారం గమనించదగినది. వాద్యం, గానం, అలంకరించిన రంగమండపం మొదలైనవి మనసును రంజింపజేసి, సహృదయుడు కానివాడిని కూడా సహృదయుడిగా మారుస్తాయి. నేటి మాటలో దీనిని వాతావరణం అనవచ్చు. అది పైపూత కాదు, ఆస్వాదనకు మనసును సిద్ధం చేసే సాధనం.

ప్రహేళిక విప్పేవారికి ఈ విఘ్నం మరింత తీవ్రం. ‘నేను విప్పాను’ అన్న గర్వం, ‘విప్పలేకపోతున్నాను’ అన్న చిరాకు రెండూ నిజసుఖదుఃఖాలే. పోటీలో, సభలో అవి రెట్టింపవుతాయి. అవధానంలో ఆ ఒత్తిడియే ఒక అందం, దాన్ని జయించడమే అవధాని ధీరత. ఏకాంత క్రీడ వేరొక మార్గం పట్టింది. సభను తొలగించింది, లెక్కను తొలగించింది, గడియారాన్ని తొలగించింది. మిగిలిన ‘నేను’ను గాలి చప్పుడులో, విశాలమైన ఖాళీలో పలుచన చేసింది. ‘ఔటర్ వైల్డ్స్’లో గడువు ఉన్నా అది శిక్షగా ఉండదు, మళ్లీ చూడమని పిలిచినట్లు ఉంటుంది. సామర్థ్యాన్ని చాటుకోవాలన్న కోరికా, తన్ను తాను మరచిపోవాలన్న కోరికా మనిషిలో సాధారణంగా పరస్పరం పోరాడతాయి. ఈ క్రీడలు మంచివైనప్పుడు ఆ రెంటికీ ఒకే స్థలంలో చోటిస్తాయి.

ఒక భేదాన్ని విస్మరించరాదు. సహృదయుడు చూస్తాడు, క్రీడాకారుడు చేస్తాడు. నాటకంలో ప్రేక్షకుడు లేచి పాత్రకు దారి చూపడు. కనుక రససిద్ధాంతం ఈ క్రీడలకు సంపూర్ణంగా సరిపోతుందనడం అతిశయోక్తి. విఘ్నం, విఘ్నపరిహారం అన్న భావనలు మాత్రం ఇక్కడ యథార్థంగా వర్తిస్తాయి.

చూసి తెరిచిన తలుపు

ఇప్పుడు నైతిక ప్రశ్నకు రావచ్చు. సాక్షి లేని చోట సమాధానం చూడటం తప్పా? ప్లేటో ‘రిపబ్లిక్’లో గైజీస్ ఉంగరం కథ ఉంది. ఆ ఉంగరం ధరించినవాడు ఎవరికీ కనబడడు. కనబడని మనిషి న్యాయంగా ఉండటానికి కారణం ఏమైనా మిగులుతుందా అని అక్కడి ప్రశ్న. గైజీస్ కథలో ఇతరులకు హాని ఉంది, రాజు హత్య ఉంది. ఏకాంత క్రీడలో అదీ లేదు. కనుక పరహానిని ఆధారం చేసుకుని దీన్ని తప్పు అనడానికి వీలు లేదు.

అయినా ఇక్కడ ఒక నష్టం ఉంది. అది ఆడేవారిదే, పైగా తిరిగి పూడనిది. ఒకసారి విన్న విడుపును విననట్లు చేసుకోలేరు. పండ్లతోటలో తల ఎత్తి చెట్టును తామే చూసే అవకాశం జీవితంలో ఒక్కసారే వస్తుంది. చూసి రాసినవారు తలుపును పొందారు, కన్నును పోగొట్టుకున్నారు. దీన్ని పాపమనడం కంటే చేజార్చుకోవడం అనడం సమంజసం. ఆడేవారు దాన్ని మోసం అని పిలుచుకోవడంలోనూ అర్థం ఉంది. విప్పుతానని తమకు తాము ఇచ్చుకున్న మాటను వారే తప్పారు.

ఇది నిష్ఠగా మారి మూర్ఖత్వం కాకుండా ఉండాలంటే సహాయానికీ సమాధానానికీ మధ్య తేడా గుర్తించాలి. పొడుపు కథ పొడిచే పెద్దలు ఎదుటి పిల్లల ముఖం చూస్తారు. వారు విసుగు చెందుతున్నారని తోస్తే ఒక గుర్తు అందిస్తారు, ఇంకా తట్టకపోతే మరొకటి. విడుపును మాత్రం చివరిదాకా దాచి ఉంచుతారు. విప్పే గౌరవాన్ని విప్పేవారికే మిగిల్చడం అక్కడి మర్యాద. అచ్చయిన సమాధానానికి ఎదుటివారి ముఖం కనిపించదు. ఎంతవరకు చెప్పాలో దానికి తెలియదు.

దీనికి మినహాయింపులూ ఉన్నాయి. ‘ది విట్నెస్’లో రంగుల భేదం మీద ఆధారపడిన పలకలు, పక్షుల కూతల స్థాయిని విని గీయవలసిన పలకలు ఉన్నాయి. రంగులను పోల్చుకోలేనివారికి, వినికిడి లేనివారికి అవి ప్రహేళికలు కావు, గోడలు. రూపకర్త అందించవలసిన ఆధారమే వారికి అందలేదు. వారు సమాధానం చూస్తే చేజార్చుకున్నది ఏమీ లేదు. అన్యాయమైన, అతార్కికమైన ప్రహేళిక విషయంలోనూ అంతే. విప్పేవారి నిజాయతీ పొడిచేవారి నిజాయతీ మీద ఆధారపడి ఉంటుంది. ఈ విధంగా చూస్తే ఏకాంత క్రీడలోనూ రెండవ మనిషి ఉన్నాడు. ‘దీన్ని శ్రద్ధగా చూస్తే తెలుస్తుంది’ అని ముందుగా మాట ఇచ్చి, తాను తప్పుకున్న రూపకర్త అతడు. ఆడేవారి ఓపిక ఆ మాట మీది నమ్మకమే. సాంగత్యమనే అవసరం ఈ నిర్జన ద్వీపాలలో తీరడానికి కారణం కూడా ఇదే కావచ్చు.

ఈ వివేచన తరగతి గదికి దూరమైనది కాదు. పద్యానికి అన్వయం కుదుర్చుకునే శ్రమ విద్యార్థికి ఒక ప్రహేళిక. క్రియ ఎక్కడుందో, విశేషణం దేనికి చెందుతుందో వెతికి పట్టుకున్నవాడికి తాత్పర్యంతో పాటు పద్యాన్ని చదివే చూపు అబ్బుతుంది. తాత్పర్యాన్ని మాత్రమే అందుకున్నవాడు పరీక్ష రాయగలడు, రెండవ పద్యం ముందు మాత్రం మళ్లీ మొదటి రోజు విద్యార్థిలాగే నిలబడతాడు. సమాధానాలు చౌకగా లభించే కాలంలో ఉపాధ్యాయుడి పని ఎంత చెప్పాలో తెలుసుకోవడం కంటే ఎక్కడ ఆగాలో తెలుసుకోవడమే.

పలాయనమనే ఆక్షేపణ

ఈ ఆనందం లోకం నుంచి పలాయనం కాదా అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. చేయవలసిన పనిని వదిలి ఎంత ఉత్తమమైన వినోదంలో మునిగినా దోషమే, అది కావ్యపఠనానికీ వర్తిస్తుంది. అయితే అన్ని ఆటలనూ ఒకే గాట కట్టలేము. రోజూ రాకపోతే బహుమతి పోతుందని భయపెట్టి, అంతమనేది లేకుండా ఆడేవారిని కట్టిపడేసే ఆటలు ఉన్నాయి. అవి అలవాటును పెంచి మనిషి సమయాన్ని సొమ్ము చేసుకుంటాయి. ప్రహేళికా క్రీడకు అంతం ఉంది. రహస్యం తెలిసిన మరుక్షణం అది తన ఆకర్షణను తానే వదులుకుంటుంది. మరచిపోతే తప్ప దాన్ని మొదటిసారిలా రెండవసారి ఆడలేరు. మనిషిని పట్టుకోవడమూ తెలిసి, వదిలిపెట్టడమూ తెలిసిన వినోదం అది.

ముగింపు

సవాలు, కుతూహలం, సామర్థ్యం మొదలైన హేతువులు మనిషిని ఏకాంత ప్రహేళికా క్రీడ దాకా తీసుకువస్తాయి. అక్కడ నిలిపేది వేరు. సమాధానం కోసం వెతుకుతూ లోకాన్ని చూసే తన చూపు మారడాన్ని గమనించడంలో కలిగే ఆనందం అది. వాతావరణం ఆ మార్పుకు మనసును సిద్ధం చేస్తుంది, ప్రహేళిక దాన్ని జరిపిస్తుంది. రెండూ ఒకటైన చోట ప్రహేళిక రసానికి విరోధి కాదు. రెండూ విడిపోయిన చోట విశ్వనాథుడి తీర్పు నేటికీ చెల్లుతుంది. విడుపును ఇతరుల నుంచి తీసుకోవడం ఆ మార్పును చేజార్చుకోవడం కనుకనే, సాక్షి లేకున్నా అది వెలితిగా తోస్తుంది.

తెలుగులో పొడుపుకు ప్రతిగా ‘విడుపు’ అన్న మాట ఉంది. చిక్కు విడిపోవడం, పట్టు వదలడం రెండూ ఆ మాటలో ఉన్నాయి. తానుగా విప్పినవారికి ఆ రెండర్థాలూ ఒకేసారి అందుతాయి. చూసి విప్పినవారికి చిక్కు విడిపోతుంది గాని, దాని పట్టు నుంచి విడుదల దొరకదు.